రచయిత పోయాక 60 ఏళ్లు: ఆ తాళం ఎవరి చేతిలో?



జనవరి 1 అనగానే మనకు భీమా కోరేగావ్ గుర్తొస్తుంది. 1818 నాటి యుద్ధం, ఆ స్తంభం, ఏటా అక్కడికి పోయే లక్షల జనం. మన చరిత్రలో ఇంకో జనవరి 1 కూడా ఉంది. 2017 జనవరి 1. బాబాసాహెబ్ బతికుండగా అచ్చయిన పుస్తకాలు ఆ రోజు కాపీరైట్ నుంచి బయటపడ్డాయి. ఆ రోజు నుంచి 'కుల నిర్మూలన' ఇంగ్లీషు మూలాన్ని ఎవరైనా అచ్చేసుకోవచ్చు, ఎవరైనా అనువాదం చేసుకోవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ రోజు మా వాడలో డప్పు మోగలేదు. నాకు తెలిసిన ఏ సంఘమూ కరపత్రం వేయలేదు. తెలిస్తే కదా వేసేది!

పోయిన వారం ఒక పీజీ తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, బాబాసాహెబ్ పుస్తకాల పీడీఎఫ్ హాస్టల్ గ్రూపులో పెడితే కేసవుతుందా?" అని. ఒక్క ముక్కలో చెప్పేసి ఊరుకోవచ్చు. కానీ ఆ ప్రశ్న వెనకాల ఇంకోటి ఉంది. మనిషి పోయాక ఆయన మాట ఎవరిది? ఎన్నేళ్లు ఎవరిది? ఆస్తి లేని జనానికి ఈ ప్రశ్న కొత్తగా వచ్చింది. మన తాతలు వదిలిపోయిన వాటిలో పట్టా భూములు తక్కువ. పాటలు, మాటలు ఎక్కువ. అందుకే ఈ భాగం మొత్తం దీని మీదే.

ముందు లెక్క చూద్దాం.

మన దేశంలో కాపీరైట్ చట్టం 1957లో వచ్చింది. రచయిత బతికినంత కాలం, పోయాక 50 ఏళ్లు అని అందులో రాశారు. చనిపోయిన తేదీ నుంచి కాదు, ఆ మరుసటి ఏడాది జనవరి నుంచి లెక్క. బాబాసాహెబ్ పోయింది 1956 డిసెంబర్ 6న. 50 ఏళ్ల లెక్కన 2006 డిసెంబర్ 31తో అయిపోవాలి. కానీ అయిపోయింది 2016 డిసెంబర్ 31న. మధ్యలో ఈ పదేళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి?

రవీంద్రనాథ్ ఠాగూర్ నుంచి వచ్చాయి.

ఠాగూర్ 1941లో పోయాడు. 1991 డిసెంబర్ 31తో ఆయన రచనల మీద హక్కు ముగియాలి. ఆ హక్కు విశ్వభారతి చేతిలో ఉంది. విశ్వభారతికి ప్రధానమంత్రి కులపతిగా ఉండటం ఆనవాయితీ. అప్పటి ప్రధాని మన పి.వి. నరసింహారావు. గడువు ముగియడానికి రోజుల ముందు, 1991 డిసెంబర్ ఆఖర్లో, ఆర్డినెన్స్ వచ్చింది. 1992లో చట్టమైంది. 50 కాస్తా 60 అయింది. ఒక్క మహాకవి కోసం దేశంలోని రచయితలందరికీ పదేళ్లు పెంచారు. అడిగినవాళ్లు ఒకరు, తలుపు మూసింది అందరికీ.

ఠాగూర్ మీద నాకు కోపమేం లేదు. 1991 అనే అంకె దగ్గర మాత్రం నేను ఆగిపోతాను. ఆ ఏడాదే ఆగస్టు 6న చుండూరు జరిగింది. చుండూరు కేసులో ప్రత్యేక కోర్టు తీర్పు రావడానికి 2007 దాకా, అంటే 16 ఏళ్లు పట్టింది. 2014లో హైకోర్టు ఆ శిక్షల్నీ కొట్టేసింది. గడువు దాటిపోతోందని రాజ్యం పరిగెత్తిన సందర్భాలు ఏవో, నడవటానికి కూడా కాళ్లు రాని సందర్భాలు ఏవో పక్కపక్కన పెట్టి చూసుకోండి. నేను చెప్పేదేం లేదు.

గాంధీ సంగతి కూడా చెప్పాలి, న్యాయంగా ఉండాలి కాబట్టి. ఆయన రచనల హక్కు నవజీవన్ ట్రస్టుది. 1948లో పోయాడు కాబట్టి 2008 ఆఖరుతో ముగిసింది. ఇంకా పొడిగించమని ఆ ట్రస్టు అడగలేదు. అడక్కపోతే కొంప మునగలేదు. గాంధీ పుస్తకాలు ఇవాళ్టికీ అమ్ముడవుతూనే ఉన్నాయి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇది మనలో చాలామందికి తెలియదు.

బాబాసాహెబ్ బతికుండగా అచ్చయినవి 2017లో విడుదలయ్యాయి అన్నాను కదా. మరి ఆయన పోయాక అచ్చయినవి? చట్టంలో 24వ సెక్షన్ ఉంది. రచయిత బతికుండగా ప్రచురణ కాని రచనకు 60 ఏళ్లు లెక్కపెట్టేది చావు నుంచి కాదు, మొదటిసారి అచ్చయిన ఏడాది నుంచి. దాన్ని ఇప్పుడు మన పుస్తకాలకు వేసి చూడండి.

'బుద్ధుడు – ఆయన ధమ్మం' 1957లో వచ్చింది. 2017 ఆఖరుతో విడుదల. ఫర్వాలేదు, ఒక్క ఏడాది తేడా.

'హిందూమతంలో చిక్కుముడులు' మహారాష్ట్ర ప్రభుత్వం వేసిన నాలుగో సంపుటంలో 1987లో వచ్చింది. చట్టం అక్షరాల ప్రకారం 2047 ఆఖరు దాకా దాని మీద హక్కు ఉంటుంది.

'వీసా కోసం నిరీక్షణ'. టాంగా తోలడానికి ఒప్పుకోని సంగతి, బరోడాలో గది దొరక్క రోడ్డున పడ్డ సంగతి. మీలో ఎంతమంది ఆ చిన్న పుస్తకం చదివి రాత్రంతా నిద్రపోలేదో నాకు తెలుసు. అది పుస్తకంగా మొదట వచ్చింది 1990లో. అంటే 2050 ఆఖరు దాకా. ఆయన పోయిన 94 ఏళ్ల దాకా!

"ఎవరూ కేసు వేయట్లేదు కదా అన్నా, ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే సంపుటాలు పెట్టారు కదా" అనొచ్చు మీరు. నిజమే, పెట్టారు. పీడీఎఫ్ పంచుకున్న పిల్లల మీద ఎవరో కేసు పెడతారని నేను భయపెట్టడం లేదు. కానీ పట్టించుకోకపోవడం వేరు, హక్కు ఉండటం వేరు. చెరువులో నీళ్లు తాగుతుంటే చూసీ చూడనట్టు ఉండటం వేరు, ఆ చెరువు మాది కూడా అనడం వేరు. మహాడ్‌లో బాబాసాహెబ్ నడిచింది ఆ రెండో దాని కోసం.

ఆ రాతప్రతుల చరిత్ర తెలిస్తే ఈ కోపం ఇంకా అర్థమవుతుంది. ఆయన పోయాక కాగితాలన్నీ పెట్టెల్లో పడి కోర్టు కస్టడీలోకి, ఆ తర్వాత అడ్మినిస్ట్రేటర్ జనరల్ కస్టడీలోకి పోయాయి. ఏళ్ల తరబడి అక్కడే ఉన్నాయి. వసంత్ మూన్ అనే మనిషి, తన ఉద్యోగ జీవితంలో సగం వాటికే ఇచ్చి, సంపుటాల రూపంలోకి తెచ్చాడు. మొదటి సంపుటం 1979లో వచ్చింది. ఆయన లేకపోతే అందులో సగం చెదల పాలయ్యేది. పెట్టెలో మూలిగిన కాలం మన తప్పు కాదు కదా. అయినా ఆ ఆలస్యం మన లెక్కలోనే పడింది. ఎంత ఆలస్యంగా అచ్చయితే అంత ఆలస్యంగా విడుదల. దాచిపెట్టిన కాలానికి వడ్డీ వేసి మన దగ్గర వసూలు చేస్తున్నట్టు ఉంది ఈ సెక్షన్.

అచ్చయ్యాక మాత్రం ఏమైంది? 'చిక్కుముడులు' బయటికి రాగానే రాముడు, కృష్ణుడి మీద ఉన్న అనుబంధం తీసేయాలని శివసేన గొడవ చేసింది. ప్రభుత్వం ఊగిసలాడింది. 1988లో బొంబాయి వీధుల్లోకి లక్షల మంది మనవాళ్లు వచ్చారు. ఆఖరికి, ఈ అభిప్రాయాలతో ప్రభుత్వం ఏకీభవిస్తున్నట్టు కాదని ఒక గమనిక పెట్టుకుని ఆ పుస్తకాన్ని ఉంచారు. జనం రోడ్డెక్కారు కాబట్టి బతికిన పుస్తకం అది. ఒక ప్రచురణకర్త చేతిలోనే, ఒక ప్రభుత్వం చేతిలోనే మాట బందీ అయితే ఏమవుతుందో చెప్పడానికి ఇంకో సాక్ష్యం అక్కర్లేదు.

ఇంకోటి. 2021 డిసెంబర్‌లో బొంబాయి హైకోర్టు ఒక పత్రికా కథనం చూసి తనంత తానుగా విచారణ మొదలుపెట్టింది. బాబాసాహెబ్ సాహిత్యం 9 లక్షల ప్రతులు వేయాలని నిర్ణయించి, నాలుగేళ్లలో 33 వేలే వేశారని, కొన్న కాగితం గోడౌన్‌లో పడి ఉందని ఆ కథనం. చైత్యభూమి దగ్గర, నాగపూర్ దీక్షాభూమి దగ్గర పుస్తకాల కోసం జనం బారులు తీరుతారు. అంత గిరాకీ ఉన్న పుస్తకం అచ్చు కాకుండా ఆగింది. తాళం ఒకరి దగ్గరే ఉంటే వాళ్లకు దురుద్దేశం ఉండక్కర్లేదు మిత్రులారా. బద్ధకం చాలు.

ఇక్కడ మెకాలే గురించి చెప్పాలి. మనలో ఆయన పుట్టినరోజు చేసేవాళ్లు ఉన్నారు, బయట ఆయన్ని రోజూ తిట్టేవాళ్లు ఉన్నారు. ఇద్దరికీ తెలియని సంగతి ఒకటి ఉంది. 1841లో బ్రిటన్ పార్లమెంటులో టాల్‌ఫోర్డ్ అనే సభ్యుడు, రచయిత పోయాక 60 ఏళ్లు కాపీరైట్ ఉండాలని బిల్లు పెట్టాడు. సరిగ్గా 60. ఇవాళ మన దేశంలో ఉన్నదే. దానికి అడ్డం తిరిగి మాట్లాడింది మెకాలే. ఆయన వాదన సారాంశం నా మాటల్లో: కాపీరైట్ అంటే చదివేవాడి మీద వేసే పన్ను, ఆ పన్ను రచయితను బతికించడానికి. రచయిత ఆకలితో చావకూడదు కాబట్టి ఆ పన్ను అవసరమే. కానీ తాను పోయిన అరవై ఏళ్లకు ఎవరో ముక్కూమొహం తెలియని మనిషికి డబ్బొస్తుందని ఏ రచయితా ఎక్కువ రాయడు. అప్పుడిక పన్ను మిగులుతుంది, ఫలితం మిగలదు. ఇంకో ప్రమాదం కూడా చెప్పాడు. వారసుడికి ఆ పుస్తకం నచ్చకపోతే? కుటుంబ పరువు పోతుందనో, మతానికి విరుద్ధమనో తొక్కేస్తే? ఆ మాట చదివినప్పుడు నాకు మన 'చిక్కుముడులు' గుర్తొచ్చాయి. ఆ బిల్లు అప్పుడు వీగిపోయింది. మరుసటి ఏడాది వచ్చిన చట్టంలో 42 ఏళ్లు, లేదా రచయిత పోయాక 7 ఏళ్లు, రెంటిలో ఏది ఎక్కువైతే అది అన్నారు.

ఇప్పుడు మన వైపు నుంచి వచ్చే ఎదురు ప్రశ్న. నిరుడు ఒక సభలో ఒక చెల్లెలు లేచి అడిగింది. "అన్నా, మొదటి తరం రచయితలం మనం. ఇప్పుడిప్పుడే మన పుస్తకాలు అమ్ముడవుతున్నాయి. వాళ్ల తాతలు వేల ఎకరాలు వదిలిపోయినప్పుడు తప్పుకాని వారసత్వం, మా నాన్న ఒక పుస్తకం వదిలిపోతే తప్పెలా అయింది?" అని.

ఈ ప్రశ్న పక్కకు తోసేసేది కాదు. భూమికి వారసత్వం తరతరాలు. ఏ చట్టమూ 60 ఏళ్ల తర్వాత నీ పొలం ఊరుమ్మడి అనదు. మన చేతికి ఆస్తి అనదగింది ఒకటి వచ్చేసరికి, త్యాగం చేయండి అని పాఠం చెప్తే కడుపు మండుతుంది. నాకూ మండుతుంది.

అందుకే నా ఇంట్లో జరిగింది చెప్తాను.

మా చిన్నాయన పాటగాడు. పొలం పనికి పోయేవాడు, రాత్రిళ్లు పాట కట్టేవాడు. 1998లో టౌనులో ఒక క్యాసెట్ల కంపెనీవాళ్లు ఆయన చేత ఎనిమిది పాటలు పాడించి 1,200 రూపాయలు, ఇరవై క్యాసెట్లు చేతిలో పెట్టారు. ఏదో కాగితం మీద సంతకం తీసుకున్నారు. 2004లో చిన్నాయన పోయాడు. కొన్నేళ్ల కింద ఆయన మనవడు ఏప్రిల్ 14న వాడలో ఆ పాట తన గొంతుతో పాడి యూట్యూబ్‌లో పెట్టాడు. రెండో రోజుకల్లా ఆ పాట మాది అని కంపెనీ నుంచి క్లెయిమ్ వచ్చింది. తాత కట్టిన పాట మనవడు పాడితే దొంగతనం అయింది.

పిన్నమ్మ ట్రంకుపెట్టె వెతికితే ఆ కాగితం దొరికింది. అందులో పాటల హక్కులు ఇస్తున్నట్టు ఉంది కానీ ఎన్నేళ్లకో రాయలేదు. తెలిసిన వకీలు అక్క ఒకామె చదివి నవ్వింది. చట్టంలో 19వ సెక్షన్ ప్రకారం హక్కు రాసిచ్చిన కాగితంలో కాలం రాయకపోతే అది ఐదేళ్లకే పరిమితం. అంటే 2003తోనే ఆ కంపెనీ హక్కు అయిపోయింది. క్యాసెట్‌లో ఉన్న రికార్డింగ్ వాళ్లదే, అది వేరే లెక్క. పాట మాత్రం చిన్నాయన నుంచి పిన్నమ్మకు వచ్చింది. ఒక ఉత్తరం రాస్తే క్లెయిమ్ తీసేశారు.

"చూశావా, కాపీరైటే మీ పిన్నమ్మను కాపాడింది" అంటారు మీరు. అవును, కాపాడింది. కానీ ఏం కాపాడింది? 60 అనే అంకె కాదు. చిన్నాయన పోయిన పదిహేనేళ్ల చిల్లరలో జరిగింది ఇదంతా. 25 ఏళ్ల గడువున్నా ఆమెకు అదే న్యాయం జరిగేది. ఆమెను కాపాడింది, రాయని కాలాన్ని ఐదేళ్లకు కుదించిన చిన్న నిబంధన. బలహీనుడి చేత బలవంతుడు సంతకం పెట్టించుకుంటాడని తెలిసి రాసిన నిబంధన అది. మనకు కావాల్సింది అలాంటివి. రచయిత బతికుండగా, భార్యాబిడ్డలు బతికుండగా గట్టిగా నిలబడే హక్కు. మునిమనవడి కాలానికి ఆ హక్కు దాదాపుగా ఎవరిదవుతుంది? ఆ కాగితాలు కొనుక్కున్న కంపెనీది.

ఇంకో అనుభవం. మేం నలుగురం కలిసి, తొంభైల్లో పోయిన ఒక దళిత కవి పుస్తకాన్ని మళ్లీ వేయాలనుకున్నాం. ఆయన బతికుండగా 500 ప్రతులు సొంత డబ్బుతో వేసుకున్నాడు. తర్వాత మళ్లీ రాలేదు. లైబ్రరీలో ఒక్క ప్రతి ఉంది, పేజీలు పొడి రాలుతున్నాయి. హక్కుదారు కోసం వెతకడానికి మూడేళ్లు పట్టింది. ఆఖరికి ఆయన కూతురు ఒక సంక్షేమ హాస్టల్లో వంటమనిషిగా కనిపించింది. మా మాట విని ఆమె అడిగిన మొదటి ప్రశ్న "ఎంతిస్తారు?" అని. మాలో ఒకడు ముఖం చిన్నబుచ్చుకున్నాడు. నేను మాత్రం సంతోషపడ్డాను. సరైన ప్రశ్న అడిగింది. 3,000 ఇచ్చాం. అది ఆ పుస్తకం మీద ఆ కుటుంబానికి వచ్చిన మొదటి డబ్బు.

ఆలోచించండి. కాపీరైట్ ఆమెకు అన్నేళ్లూ ఉంది. ఒక్క రూపాయి రాలేదు. ఎందుకంటే పుస్తకం అచ్చులో లేదు. అచ్చులో లేని పుస్తకం మీద హక్కు, నీళ్లు రాని కుళాయి మీద హక్కు ఒకటే. వేసేవాళ్లు భయపడి వేయరు, హక్కున్నవాళ్లకు ఆ సంగతి తెలియదు, మధ్యలో పుస్తకం పొడైపోతుంది. ప్రతి ఏడాదీ కొత్త ముద్రణ పడే రచయితలకు ఈ అరవై ఏళ్లు ఆదాయం. మన రచయితల్లో ఎక్కువమందికి ఈ అరవై ఏళ్లు మరుపు.

జాషువా గారి లెక్క చూడండి. గబ్బిలానికి గుడిలోకి ప్రవేశం ఉంది, నాకు లేదు అని గబ్బిలం చేతనే శివుడికి కబురు పంపిన కవి. 1971లో పోయారు. పాత 50 ఏళ్ల లెక్క ఉండి ఉంటే 2022 జనవరి 1కే ఆయన పద్యం మనందరిదీ అయ్యేది. ఇప్పుడు 2032 జనవరి 1 దాకా ఆగాలి. బోయి భీమన్న గారు 2005లో పోయారు, 2066 దాకా ఆగాలి. కలేకూరి ప్రసాద్ అన్న 2013లో పోయాడు. ఆయనకు బతికున్నప్పుడు తల దాచుకోవడానికి స్థిరమైన చోటు లేదు. ఆయన మాటలకు మాత్రం 2073 ఆఖరు దాకా చట్టం గొడుగు పట్టింది. అప్పటికి ఇది చదువుతున్న ఇరవై ఏళ్ల పిల్లలు డెబ్బైకి దగ్గరపడతారు.

పక్క రాష్ట్రం ఏం చేసిందో చూడండి. తమిళ కవి సుబ్రహ్మణ్య భారతి 1921లో పోయాడు. ఆయన పాటల హక్కులు చేతులు మారి మారి ఒక సినిమా నిర్మాత దగ్గరికి చేరాయి. జనం గొడవ చేశారు. 1949లో మద్రాసు ప్రభుత్వం ఆ హక్కులు తీసుకుని తర్వాత జనానికి వదిలింది. అప్పుడు కోస్తా, రాయలసీమ కూడా మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. కుటుంబానికి డబ్బిచ్చి, మాటను జనానికి ఇచ్చే ఈ పద్ధతిని తమిళనాడు ఆ తర్వాత ఎంతోమంది రచయితల విషయంలో పాటించింది. మన రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు జాషువా విగ్రహాలకు దండలు వేస్తాయి. దండ ఖర్చు కాస్త కుటుంబానికిచ్చి పద్యాన్ని విడుదల చేయించవచ్చు కదా అని అడిగినవాళ్లు లేరు. మనం అడగాలి.

పెరియార్ విషయంలో ఇంకో మలుపు. ఆయన 'కుడి అరసు' రచనల్ని ఒక పెరియారిస్టు సంఘం అచ్చేయబోతే ఇంకో పెరియారిస్టు సంస్థ కోర్టుకెళ్లింది, హక్కు మాదేనని. 2009లో మద్రాసు హైకోర్టు ఆ ప్రచురణను ఆపడానికి ఒప్పుకోలేదు. ఆ తీర్పు ఇచ్చింది జస్టిస్ చంద్రు. 'జై భీమ్' సినిమాలో సూర్య వేసిన లాయరు పాత్ర ఆయనదే. ఆస్తి వద్దు, దేవుడు వద్దు, ప్రశ్నించు అన్న మనిషి మాట మీద ఆయన శిష్యులే హద్దురాళ్లు పాతుకోబోయారు. మన సంఘాలు ఈ ముచ్చట మరిచిపోకూడదు.

మరి ఎన్నేళ్లుండాలి? నన్నడిగితే 25. ఒక తరం. భార్య లేక భర్త బతికినంత కాలం, పిల్లలు చదువుకుని నిలదొక్కుకునేంత కాలం. ఆ తర్వాత పుస్తకం ఎవరైనా వేసుకోవచ్చు, కానీ వారసులకు రాయల్టీ కట్టాలి. అడ్డుకునే హక్కు పోతుంది, అందుకునే హక్కు మిగులుతుంది. ఇది నా బుర్రలో పుట్టిన ఊహ కాదు. 1911 నాటి బ్రిటిష్ చట్టంలోనే ఉంది. రచయిత పోయిన 25 ఏళ్లకు, నోటీసిచ్చి పుస్తకం ధరలో 10 శాతం రాయల్టీ కడితే ఎవరైనా వేసుకోవచ్చని.

కానీ కోరిక వేరు, కార్యక్రమం వేరు. బెర్న్ ఒప్పందం అని ఒకటుంది. అందులో ఉన్న దేశాలు రచయిత పోయాక కనీసం 50 ఏళ్లు ఇవ్వాలి. మనం అందులో ఉన్నాం. అమెరికా, యూరప్‌లో 70 అయింది, మెక్సికోలో 100. కాబట్టి 25 రేపే రాదు. రేపే చేయగలిగింది మాత్రం ఉంది. బెర్న్ అడిగింది 50, మనం ఇస్తోంది 60. ఠాగూర్ పేరు మీద పెంచిన ఆ పదేళ్లు మన పార్లమెంటు చేతిలోవే. వాటిని తీసేయొచ్చు, లేదా ఆ పదేళ్లూ 'డబ్బు కట్టు, వేసుకో' అనే పద్ధతిలోకి మార్చొచ్చు. ఇక 24వ సెక్షన్. రచయిత పోయాక అచ్చయిన వాటికి వేరే గడియారం పెట్టమని బెర్న్ అడగలేదు. దాన్ని సవరించి చావు నుంచే లెక్కపెట్టమంటే 'వీసా కోసం నిరీక్షణ' అప్పుడే మనదవుతుంది. ఈ రెండు డిమాండ్లు. రెండు వాక్యాలు. ఏ ఎంపీకైనా అర్జీ ఇచ్చేటంత చిన్నవి.

"విడుదలైతే మన శత్రువులు బాబాసాహెబ్ మాటల్ని కత్తిరించి, వాళ్లకు కావాల్సినట్టు అచ్చేస్తారు" అనే భయం ఉంది. అది ఉత్త భయం కాదు, కళ్ల ముందు జరుగుతోంది. కానీ దానికి మందు కాపీరైట్ కాదు, 57వ సెక్షన్. రచయిత పేరు చెరపకూడదు, రచనను ఆయన పరువు పోయేలా వక్రీకరించకూడదు అనే హక్కు అది. 2012 సవరణతో ఆ హక్కు కాపీరైట్ గడువుతో పాటు ముగిసిపోకుండా వారసుల చేతిలో ఉంటోంది. మాట అందరిదీ కావాలి, పేరు మాత్రం ఎప్పటికీ ఆయనదే కావాలి. పేరు చెరిపేయడం వల్ల మన జాతి ఎంత నష్టపోయిందో డక్కలి, చిందు పాటల్ని 'జానపదం' అని ఒక్క ముద్ర కొట్టి వాడేసుకున్న సినిమాలను అడగండి.

బాబాసాహెబ్ తన మాటను ఎలా చూశాడో కూడా ఒకసారి గుర్తు చేసుకుందాం. 1936లో లాహోర్ జాత్ పాత్ తోడక్ మండల్ ఉపన్యాసం రద్దు చేస్తే సొంత ఖర్చుతో 1500 ప్రతులు వేశాడు. రెండు నెలల్లో అయిపోయాయి. రెండో ముద్రణ ముందుమాటలో ఏయే భాషల్లోకి అనువాదమైందో, అవుతోందో వరసగా చెప్పుకున్నాడు: గుజరాతీ, తమిళం, మరాఠీ, హిందీ, పంజాబీ, మలయాళం. ఆ వరసలో తెలుగు లేదు. ఆ లోటు తర్వాత బోయి భీమన్న గారు తీర్చారు. ఇంగ్లీషు మూలం ఇప్పుడు స్వేచ్ఛగా ఉంది కాబట్టి ఇవాళ్టి తెలుగులో, మన వాడ తెలుగులో, కొత్తగా చేసుకునే దారి తెరిచే ఉంది. భీమన్న గారి తెలుగు మాత్రం ఆయనది. ఆ వాక్యాలు వాడాలంటే అడగాలి. తేడా తెలుసుకోండి.

విద్యార్థులకు చివరగా కొన్ని మాటలు. క్లాసు కోసం పుస్తకాల్లోంచి పాఠాలు జిరాక్స్ తీసుకుంటే భయపడొద్దు. ఢిల్లీ యూనివర్సిటీలో రామేశ్వరి జిరాక్స్ షాపు మీద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ వంటి పెద్ద ప్రచురణ సంస్థలు 2012లో కేసు వేస్తే, 2016లో ఢిల్లీ హైకోర్టు చదువు కోసం చేసే కాపీ తప్పు కాదంది. ఆ కేసులో విద్యార్థులు, టీచర్లు కూడా సంఘం పెట్టుకుని కోర్టులో నిలబడ్డారు. ఊరికే రాలేదు ఆ తీర్పు.

రాసే మిత్రులకు ఇంకో మాట. ఎవరు కాగితం ముందు పెట్టినా ఎన్నేళ్లకో రాయించుకోండి. మీ తర్వాత ఎవరిని అడగాలో పుస్తకం మొదటి పేజీలోనే ఒక పేరు, ఒక ఫోన్ నంబరు వేయండి. మీ పాటను జనానికి వదిలేయాలనుకుంటే 21వ సెక్షన్ కింద బహిరంగ ప్రకటనతో బతికుండగానే వదిలేయొచ్చు. కుటుంబానికి ఉండాలనుకుంటే వీలునామాలో రాయండి. పొలం లేదు, వీలునామా మనకెందుకు అనుకోవద్దు. మనం రాసిన ప్రతి కాగితమూ ఆస్తే. దాన్ని ఎవరికి, ఎన్నాళ్లు అన్నది మనం చెప్పకపోతే చెప్పడానికి వేరేవాళ్లు సిద్ధంగా ఉన్నారు.

ఈ వారం పని: మీ ఊళ్లో, మీ వాడలో పోయిన ఒక పాటగాడి, ఒక కవి పేరు, పోయిన ఏడాది, ఇంట్లో ఎవరున్నారో రాసి పెట్టండి. ఆ జాబితా మన చేతిలో ఉంటే అచ్చు వేయడం ఎంతసేపు!

జై భీమ్.